2002 ప్రపంచ కప్ ఫైనల్లో తప్పు చేసినా ఒలివర్ కాన్‌ను గొప్ప గోల్‌కీపర్ అని ఎందుకంటారు?

ఆ ఒక్క పొరపాటుతో కాన్‌ను కొలవకూడదు. బ్రెజిల్ ఆటగాడు రివాల్డో కొట్టిన బంతి చేతుల్లోంచి జారింది, అతని జట్టు సహచరుడు రొనాల్డో గోల్ వేసేశాడు, నిజమే. కానీ అసలు జర్మనీ ఫైనల్ దాకా వచ్చిందే అతని వల్ల, అంతకుముందు ఆరు మ్యాచుల్లో అతన్ని దాటి వెళ్లింది ఒక్క గోలే. అందుకే టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ ఇచ్చారు. ఇంకే గోల్‌కీపర్‌కూ అది దక్కలేదు.

కార్ల్స్‌రూహె క్లబ్‌లో మొదలుపెట్టి, 1994 నుంచి 2008 దాకా బాయర్న్ మ్యూనిక్‌కు ఆడి 8 బుండెస్‌లీగా (జర్మనీ అగ్రశ్రేణి లీగ్) టైటిళ్లు గెలిచాడు. 2001లో యూరప్ క్లబ్‌ల టోర్నీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో వాలెన్సియా పెనాల్టీలు మూడు ఆపాడు. నాకైతే 2006 ప్రపంచ కప్ సంగతి ఇంకా ఇష్టం: జర్మనీ జట్టులో తన స్థానం మరో గోల్‌కీపర్ లేమన్‌కు పోయినా, అర్జెంటీనాతో షూటౌట్‌కు ముందు దగ్గరికెళ్లి అతనికి చెయ్యి కలిపి ధైర్యం చెప్పాడు.