పాడి మానేస్తానన్న అమ్మాయికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

అమ్మాయీ,

పాలు, పెరుగు, నెయ్యి మానేసి పూర్తి వీగన్ తిండికి మారతానని రాశావు. మాంసం, గుడ్లు ఎప్పుడో మానేశావు కనుక ఇక మిగిలింది పాడి ఒక్కటే. తెలుగింట్లో అసలు కష్టం అక్కడే ఉంది. కోడికూర లేకుండా ఏడాది గడిపేవాళ్లు కూడా చివర రెండు ముద్దలు మజ్జిగన్నం పడకపోతే భోజనం చేసినట్టే అనుకోరు. మీ అమ్మ కంగారంతా అందుకే. చేయాలనే నిర్ణయించుకున్నావు కాబట్టి పద్ధతి చెబుతాను. కంచంలోంచి ఏది తీస్తున్నావో దానికి సరిపడా ఇంకొకటి కొలత చూసి పెట్టుకోవాలి. "ఏదో ఒకటి తింటాలే" అనుకున్నవాళ్లే కొన్నాళ్లకు నీరసమంటూ మళ్లీ పాలగ్లాసు దగ్గరికి వస్తారు.

వంటింటి కంటే ముందు మందుల షాపుకు వెళ్లు. బి12 విటమిన్ మొక్కల తిండిలో లెక్కకు వచ్చేంత దొరకదు. దాన్ని తయారుచేసేది బాక్టీరియా. పశువు పొట్టలో తయారై పాలలోకీ మాంసంలోకీ వస్తుంది. చద్దన్నంలో ఉంటుందని, పులిసిన ఇడ్లీపిండిలో ఉంటుందని, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంటుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిని నమ్ముకోకు. స్పిరులినాలో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని నకలు రూపం. రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములే అయినా, మాత్రగా వేసుకునేటప్పుడు రోజూ కనీసం 10, లేదా వారం మొత్తానికి 2000 మైక్రోగ్రాములు పడాలి. ఎందుకంటే పేగు ఒక విడతకు ఒకటి రెండు మైక్రోగ్రాములే బాగా పట్టుకుంటుంది, ఆపైన వేసినదాంట్లో నూటికి ఒక వంతే లోపలికి వెళ్తుంది. 1500 మైక్రోగ్రాముల మాత్రలు మన షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి, వారానికి రెండు చాలు. గొట్టం మాత్రలు వద్దు, ఆ గొట్టాన్ని చాలావరకు జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు.

దీన్ని ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, బి12 లోపం చాలా నెమ్మదిగా బయటపడుతుంది. కాలేయంలో పాత నిల్వ ఉంటే ఏళ్లు గడిచిపోతాయి, "నాకేం కాలేదు" అన్న ధీమా వస్తుంది. పైగా పప్పులు, ఆకుకూరలు బాగా తినేవాళ్లకు ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది. అది రక్తహీనతను కనబడనీయదు, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. పాదాల్లో సూదులు గుచ్చినట్టు ఉండడం, తిమ్మిర్లు, నాలుక ఎర్రబడి మండడం కనిపిస్తే అప్పటికే ఆలస్యమైందని అర్థం. మొదలుపెట్టే ముందే బి12, డి విటమిన్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించు. మీ నాన్నగారు కూడా నీతోపాటు మారతానంటే ఆయన వాడే షుగరు మాత్ర మెట్‌ఫార్మినేమో చూడు. అది బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. ఆయన మోతాదు డాక్టరు చెప్పాలి.

ఇక పెరుగు. వేరుశనగ పాలతో తోడుపెట్టుకో. డబ్బాల్లో అమ్మే బాదం పాలలో బాదం చాలా తక్కువ, మాంసకృత్తులు అంతకంటే తక్కువ. ప్రపంచంలో బాదం ఎక్కువ భాగం కాలిఫోర్నియాలో నీళ్లు పెట్టి పండిస్తారు, మన అనంతపురం వేరుశనగ ఎక్కువగా వాన మీదే పండుతుంది. ఒక కప్పు పల్లీలు, అంటే సుమారు 150 గ్రాములు, ఏరు. ముడతపడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా ఉంచకు. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది మరిగించినా పోదు. మిగిలినవి ఏడెనిమిది గంటలు నానబెట్టి, నీళ్లు పారబోసి, చేతులతో నలిపి పొట్టు తీసెయ్యి. పొట్టు ఉంటే పెరుగు వగరుగా ఉంటుంది. మొదట అరకప్పు నీళ్లతో మెత్తగా వెన్నలా రుబ్బి, తరవాత రెండున్నర కప్పులు కలిపి పలచటి నూలు గుడ్డలో వడగట్టు. పిప్పి పారేయకు, వడల పిండిలోకీ కూరలోకీ బాగుంటుంది.

ఆ పాలు సన్నసెగ మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పు. అడుగంటితే మొత్తం కమురు వాసనే. పొంగు వచ్చాక ఇంకో ఎనిమిది పది నిమిషాలు మరగాలి, లేకపోతే పచ్చి వాసన పెరుగులోనూ ఉంటుంది. గోరువెచ్చగా, వేలు పెడితే హాయిగా ఓర్చుకునేంత వేడికి చల్లారనిచ్చి తోడెయ్యి. మొదటిసారి తోడు ఎక్కడిది అంటావేమో. పచ్చిమిరపకాయల ముచ్చికలు పది పన్నెండు కడిగి పాలలో ముంచి మూతపెట్టు. ముచ్చికల మీద సహజంగానే పులియబెట్టే బాక్టీరియా ఉంటుంది. వేసవిలో ఎనిమిది గంటలు, చలికాలంలో పన్నెండు పద్నాలుగు పడుతుంది. మొదటి గిన్నె పలచగా, కాస్త ఘాటుగా ఉంటుంది. దాంట్లోంచి రెండు చెంచాలు తీసి రెండో విడత తోడెయ్యి, మూడో విడతకు గట్టిగా తోడుకుంటుంది. అడుగున నీరు తేరితే ఎక్కువ సేపు ఉంచావన్నమాట, కలిపి మజ్జిగ చేసుకో. తీగలు సాగినా, గులాబీ రంగు చాయ కనిపించినా రుచి కూడా చూడకుండా పారబోసి, గిన్నె మరిగే నీళ్లతో కడిగి కొత్త తోడుతో మొదలుపెట్టు. మజ్జిగ పులుసుకు ఈ పెరుగు విరిగిపోతుందని భయమైతే ఒక చెంచా శనగపిండి ముందే కలిపి సన్నసెగ మీద ఉంచు.

సోయా పాలు మాంసకృత్తుల్లో ఆవుపాలకు దగ్గరగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త: పొయ్యి మీద పెట్టగానే నురగ పైకి లేచి పొంగినట్టు కనిపిస్తుంది, లోపల పాలు ఇంకా మరగవు. ఆ నురగ చూసి దించేస్తే పచ్చి సోయా అరగక కడుపు ఉబ్బరం చేస్తుంది. సెగ తగ్గించి, నిజంగా మరుగుపట్టాక పావుగంట పైన ఉంచాలి.

నెయ్యికి ఇంత కథ లేదు. ముద్దపప్పులోకీ కందిపొడిలోకీ గానుగ నువ్వుల నూనె వేసుకో. బొబ్బట్లు నూనెతో కాల్చుకోవచ్చు. పాయసంలో కొబ్బరిపాలు దించే ముందు పోసి వేడెక్కగానే ఆపెయ్యి, మరిగిస్తే విరుగుతాయి.

లెక్కకు వద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల తిండికి ఇచ్చిన కొలతల్లో పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. నువ్వు తీసేస్తున్నది అదే. అందులో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, కాల్షియం 350 మిల్లీగ్రాములు. మాంసకృత్తులు పూడ్చడం తేలిక: రోజూ తినే పప్పు మీద ఇంకో 45 గ్రాముల కందిపప్పు, లేదా 20 గ్రాముల మీల్ మేకర్. కాల్షియం దగ్గరే చాలామంది తప్పుతారు. బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం వీగన్లలో ఎముకలు విరగడం ఎక్కువని 2020లో తేల్చింది. కనుక రోజూ ఒక పూట 75 గ్రాముల రాగిపిండి (సుమారు 260 మిల్లీగ్రాములు), రెండు పెద్ద చెంచాల నువ్వులు (200 దాకా) తప్పనిసరి చేసుకో. నువ్వులు వేయించి పొడి చెయ్యి, గింజ గింజగా తింటే అరగకుండానే పోతాయి. రాగులు మొలకగట్టి ఆరబెట్టి పట్టిస్తే ఒంటికి ఇంకా బాగా పడతాయి. ఆకుకూరల్లో మునగాకు, మెంతికూర నమ్ముకో. పాలకూరలో కాల్షియం కాగితం మీదే బాగుంటుంది, అందులోని ఆక్సలేట్ దాన్ని పట్టి ఉంచేస్తుంది. అవిసె గింజల కారప్పొడి రోజుకో పెద్ద చెంచా తింటే ఒమేగా-3 సంగతి తీరుతుంది. పప్పు మీద నిమ్మకాయ పిండుకో, టీకీ భోజనానికీ గంట ఎడం ఉంచు, అప్పుడే ఇనుము ఒంటపడుతుంది. రాళ్ల ఉప్పు, సైంధవ లవణం మోజు వద్దు. పాలు మానేశాక అయోడిన్‌కు అది కలిపిన ప్యాకెట్టు ఉప్పే ఆధారం.

నిన్ను ఎవరో అడిగారట, పాలు పితికితే గేదెకు వచ్చే నష్టమేమిటని. గేదె ఈనితేనే పాలు. ఈనిన దూడ మగదైతే ట్రాక్టర్లు వచ్చాక దానితో పనిలేదు, దాని వాటా పాలు కూడా అమ్మకానికే వెళ్తాయి. దూడ చచ్చిపోయిన గేదె చేపడానికి కొన్నిచోట్ల ఆక్సిటోసిన్ సూది పొడుస్తారు. 2019 పశుగణనలో దేశంలోని ఆవుజాతి పశువులు 19.25 కోట్లు, అందులో ఆడవి 14.51 కోట్లు. పుట్టుకలో ఆడా మగా దాదాపు సగం సగం. ఈ అంకెలు వాళ్ల ముందు పెట్టి, మిగతా మగవి ఏమయ్యాయని అడుగు చాలు. అయితే ఒక్క గేదెతో పిల్లల్ని చదివించుకుంటున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి మాటలనకు. ఆమె దగ్గర పాలకు బదులు మరో దారి లేదు.

పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు కూడా నిక్కచ్చిగా ఉండు. జంతు ఉత్పత్తులు పూర్తిగా మానేస్తే తిండికి వాడే భూమి 76 శాతం, ఆహారం వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువులు 49 శాతం తగ్గుతాయని 2018లో పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు కట్టిన లెక్క ప్రపంచం మొత్తానికి. వరిగడ్డి, తవుడు, చెక్క తిని బతికే మన గేదెకు ఆ భూమి లెక్క అలాగే అతకదు. దాని నెమరు నుంచి వచ్చే మీథేన్ మాత్రం అతుకుతుంది. నీళ్లు నిలిచిన వరిమడి కూడా మీథేనే వదులుతుంది. కాబట్టి పాలు మానేసి తెల్లన్నం రెండింతలు తింటే భూమికీ, నీ షుగరుకూ రెండింటికీ నష్టమే. రోజుకు ఒక పూటైనా జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంకటి ఉండాలి.

బయట తినేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకు, దానర్థం శాకాహారమని మాత్రమే. బిస్కెట్లలో పాలపొడి, పాల నుంచి తీసిన వే, కేసిన్ ఉండొచ్చు. వీగన్ పదార్థాలకు ఫుడ్ సేఫ్టీ సంస్థ 2022 నుంచి వేరే గుర్తు ఇస్తోంది, ఆకుపచ్చ వి అక్షరం మీద చిన్న ఆకు ఉంటుంది. హోటల్లో రవ్వదోశలో మజ్జిగ, నానులో పెరుగు, పొంగలిలో నెయ్యి ఉండొచ్చు, అడిగి తెలుసుకో. ఇడ్లీ, పెసరట్టు, పూరీ, పులిహోర దాదాపు ఎక్కడైనా ఫరవాలేదు, పైన నెయ్యి వేయొద్దని మాత్రం ముందే చెప్పు. గుడి ప్రసాదం సంగతి నీ మనసుకు వదిలేస్తున్నాను. తీసుకున్నా, కళ్లకద్దుకుని పక్కవాళ్లకిచ్చినా మాటపడే పని లేదు.

ఒక్కసారిగా అన్నీ మార్చకు. మొదటి వారం టీలో పాలు, రెండో వారం నెయ్యి, పల్లీ పెరుగు గట్టిగా తోడుకోవడం వచ్చాక గేదె పెరుగు. మూడు నెలలకు అవే రక్తపరీక్షలు మళ్లీ చేయించి, ఆ కాగితం ఫొటో నాకు పంపు. కడుపుతో ఉండాలనుకుంటే మాత్రం ఆరు నెలల ముందే చెప్పు, ఆ లెక్కలు వేరు. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ