అలిగే కడుపుకి నరాల మాత్రలు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అసలే కడుపు బాధ ఉన్న నువ్వు, పాదాల్లో మంటలు, తిమ్మిర్లు తగ్గుతాయని నలుగురూ చెప్పిన నాలుగు రకాల మాత్రలూ తెప్పించుకున్నావట. మొదలుపెట్టే ముందు నన్ను అడగడం మంచిదైంది. సున్నితమైన పేగుతోనూ నరాల నొప్పితోనూ ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగానే చెబుతాను: నాలుగూ ఒకే రోజు వేసుకోకు. మర్నాడు కడుపు తిరగబడితే ఏది చేసిన పనో తెలియదు. విసిగిపోయి నాలుగూ మానేస్తావు. నీకు నిజంగా కావలసిన మాత్ర కూడా వాటితోపాటే పోతుంది.

అసలు ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. నీ కడుపు జబ్బుని డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అన్నారా, క్రోన్స్ అన్నారా అన్నది నువ్వు రాయలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఐబీఎస్‌లో పేగు అతిగా స్పందిస్తుంది కానీ పుండు పడదు, పోషకాలను మామూలుగానే గ్రహిస్తుంది. క్రోన్స్‌లో పేగు వాస్తుంది, పుండ్లు పడతాయి. బీ12 విటమిన్ శరీరంలోకి వెళ్లేది చిన్నపేగు చివరి భాగం నుంచి. వాపు అక్కడే ఉన్నా, ఆపరేషన్‌లో ఆ భాగం తీసేసినా బీ12 తగ్గిపోతుంది, దాంతో నరాలు దెబ్బతింటాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఏళ్ల తరబడి వేసుకునే గ్యాస్ మాత్రలు కూడా బీ12ను తగ్గించగలవు. సీలియాక్ జబ్బు అని మరొకటుంది. అది పైకి ఐబీఎస్‌లాగే కనిపిస్తూ నరాలనూ దెబ్బతీస్తుంది. దాని పరీక్ష గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ తింటున్నప్పుడే చేయించుకోవాలి, మానేశాక చేయిస్తే ఫలితం తప్పుగా రావచ్చు. కడుపు కోసం మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఎక్కువ కాలం వాడి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు. తిమ్మిర్లకు ఆ మందే కారణం కావచ్చు.

కాబట్టి మాత్రల కంటే ముందు రక్తపరీక్ష. బీ12, చక్కెర, థైరాయిడ్, సీలియాక్ చూడమని అడుగు. మాత్రలు మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే బీ12 అంకె పెరిగి కనిపిస్తుంది, అసలు లోటు ఉండేదో లేదో చెప్పడం కష్టమవుతుంది. జుట్టు కోసమని చాలా మాత్రల్లో కలిపే బయోటిన్ అనే విటమిన్ మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి తెలుసుకో.

బీ12 లోటు తేలితే బెంగ పడకు. ఈ మాత్రలన్నిటిలో పేగుకి పెద్దగా ఇబ్బంది పెట్టనిది ఇదే. పేగు సరిగా గ్రహించలేకపోయినా, 1000 మైక్రోగ్రాముల పెద్ద మోతాదులో సుమారు 1 శాతం దానంతటదే లోపలికి ఇంకుతుంది. చాలామందికి అదే సరిపోతుంది. నరాలు బాగా దెబ్బతిని ఉంటే డాక్టర్లు ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతారు. బీ12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రం ఎక్కువగా వేసుకోకు. అది రక్తహీనతను కప్పిపుచ్చుతుంది, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది.

నాకు కోపం తెప్పించేది బీ6. నరాల కోసమని అమ్మే కలగలుపు మాత్రల్లో దాదాపు అన్నిటా ఉంటుంది. అదే బీ6 అతిగా, ఎక్కువ కాలం వాడితే కాళ్లూ చేతులూ మొద్దుబారుతాయి! తిమ్మిరి తగ్గలేదని మనిషి మరో మాత్ర పెంచుతాడు, తిమ్మిరీ పెరుగుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా వాళ్ల లెక్క. ఐరోపా నిపుణులు 2023లో ఆ హద్దును 12 మిల్లీగ్రాములకు కుదించారు. నీ నాలుగు డబ్బాల వెనకా ఉన్న బీ6 అంకెలు కూడి చూడు. పిరిడాక్సిన్ అని రాసి ఉన్నా అదే. కూడిక 12 దాటితే ఏది తీసేయాలో డాక్టరుతో మాట్లాడు.

మెగ్నీషియం సంగతి నీ పేగు స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆక్సైడ్, సిట్రేట్ రకాలు పేగులోకి నీటిని లాగుతాయి, విరేచనానికి ఇచ్చే మందుల్లోనూ అవే ఉంటాయి. మలబద్ధకం ఉన్నవాళ్లకు అది లాభమే. రోజుకు నాలుగైదు సార్లు పరుగెత్తేవాళ్లకు మాత్రం శిక్ష. తప్పదనుకుంటే గ్లైసినేట్ రకం కొంత నెమ్మది. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరు చెప్పకుండా ముట్టుకోకు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్‌కి దీనికి మధ్య 2 గంటలు, థైరాయిడ్ మాత్రకు 4 గంటలు ఎడం ఉంచు. నన్నడిగితే, లోటు లేనివాళ్లకు నరాల నొప్పిలో దీనివల్ల ఒరిగేది తక్కువ.

నరాల కోసమని అమ్మే మరొకటి ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం. దాన్ని ఎక్కువగా పరీక్షించింది మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ల మీద, సాధారణంగా రోజుకు 600 మిల్లీగ్రాములతో. కొన్ని పరిశోధనల్లో ఊరట కనిపించింది, కొన్నింటిలో అంతగా లేదు. తిండితో కలిస్తే తక్కువగా ఇంకుతుందని పరగడుపున వేసుకోమంటారు. మనలాంటి కడుపులకు ఆ పద్ధతిలో వికారం, ఛాతీలో మంట తప్పవు. నేను భోజనం తర్వాతే వేసుకుంటాను. కొంత తక్కువ ఇంకినా ఫరవాలేదు, వాంతి చేసుకుంటే మొత్తం పోతుంది. చక్కెర మందులు వాడుతున్నవాళ్లకు దీనివల్ల చక్కెర పడిపోవచ్చు. చేపనూనెకు తేన్పులు, పల్చటి విరేచనాలు. పసుపు నుంచి తీసే కర్‌క్యుమిన్ క్యాప్సూల్ రక్తం పల్చబడే మందులతో పడదు.

మందు మంచిదే అయినా, దాన్ని మాత్రగా కట్టడానికి వాడిన సరుకు కడుపుని చెరపవచ్చు. చప్పరించే మాత్రలు, జెల్లీ బిళ్లల్లో తీపి కోసం సార్బిటాల్, మానిటాల్, జైలిటాల్ వేస్తారు. కొన్నిటిలో పాల చక్కెర లాక్టోజ్, ఇన్యులిన్ అనే పీచు ఉంటాయి. ఉబ్బరం, గ్యాస్ తెప్పించడంలో ఇవన్నీ పేరున్నవే. రుచీ రంగూ లేని సాదా క్యాప్సూల్ వెతుక్కో.

ఇక మొదలుపెట్టే తీరు. ఒక్కటే మాత్ర, దొరికే వాటిలో చిన్న మోతాదు, భోజనంతో. రెండు వారాల వరకు మరేదీ కలపకు. ఆ రోజుల్లో తిండి పద్ధతీ మార్చకు, లేకపోతే లెక్క కలగాపులగమవుతుంది. మలం తీరు, ఉబ్బరం, నొప్పి రోజూ రెండు ముక్కల్లో రాసుకో. కడుపు తన తీర్పు కొద్ది రోజుల్లోనే చెప్పేస్తుంది. నరం అలా కాదు, తెగిన నరం పరిస్థితులన్నీ కలిసొచ్చినా రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అందుకని వారానికే గుణం కనిపించలేదని మానకు, మూడు నాలుగు నెలలైనా ఏ మార్పూ లేకపోతే మాత్రం మొహమాటం లేకుండా ఆపెయ్యి.

పేగుతో పని లేని దారులు కూడా ఉన్నాయి. మిరపకాయ ఘాటుతో చేసే క్యాప్సేసిన్ పూత, చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పట్టీ నొప్పి ఉన్నచోటే పనిచేస్తాయి. పూత రాసిన చేతితో కళ్లు తుడుచుకోకు. మింగే మాత్రే అయినా, అమిట్రిప్టిలిన్ అనే పాత మందు గురించి కూడా డాక్టరుని అడుగు. దాన్ని నరాల నొప్పికి ఎప్పటినుంచో వాడుతున్నారు. 10 నుంచి 30 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఐబీఎస్‌కి కూడా మేలు చేస్తుందని 2023లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధన చూపింది. మలబద్ధకం తెస్తుంది కాబట్టి విరేచనాల బాధ ఉన్నవాళ్లకు ఎక్కువ నప్పుతుంది. రెండు బాధలకు ఒకే మాత్ర దొరికితే నాలుగు డబ్బాలెందుకు?

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే అది ఐబీఎస్ అనుకుని ఊరుకోకు, ఆ వారమే డాక్టరుకు చూపించుకో. కాళ్లలో బలం తగ్గుతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ