నీ పేరు లేని పుస్తకం గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన కథ అందాయి. కథ సంగతి చివర రాస్తాను. ఆ నాయకుడి మనుషులు పెట్టిన గడువు దగ్గర పడుతోందన్నావు కాబట్టి, ఆయన జీవిత చరిత్ర నీ పేరు లేకుండా రాసిపెట్టాలా వద్దా అని నువ్వు అడిగినదానికి ముందు జవాబు.

నీ లెక్క నాకు అర్థమైంది. ఆ నాయకుడి జీవిత చరిత్ర రాసిపెడితే వచ్చే డబ్బు నీ మూడేళ్ళ జీతానికి సమానం. బడిలో ఉద్యోగం వదిలేసి, ఆ మూడేళ్ళూ కూర్చుని నవల రాసుకోవచ్చు. పుస్తకం మీద నీ పేరు ఉండదు కనుక ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క పుస్తకం వాళ్ళ కోసం, ఆ తర్వాతవన్నీ మనస్సాక్షి కోసం.

ఒకరి తరఫున రాసిపెట్టడం నీచమైన పని అని నేను అనను. చదువు రాని ముసలమ్మ చెబుతుంటే కొడుక్కి ఉత్తరం రాసిపెట్టినవాళ్ళూ, ఉద్యమాల్లో జైలుకు వెళ్ళొచ్చిన పెద్దాయన చెబుతుంటే ఆయన జ్ఞాపకాలు రాసిపెట్టినవాళ్ళూ మంచి పనే చేశారు. డబ్బు పుచ్చుకోవడంలోనూ నాకు పేచీ లేదు. తెలుగులో కథలకు వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకుని, కొన్ని కాపీలు మిత్రులకు పంచి, మిగిలినవి అటక మీద పెట్టుకున్నవాళ్ళు మనలో ఎందరో. కాబట్టి డబ్బు ప్రసక్తి రాగానే ముక్కు మూసుకునే పెద్దమనిషి వేషం నేను వేయను.

నా పేచీ నీ ఉత్తరం రెండో పేజీతో. అక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టివేత పలచగా ఉండడంతో చదవగలిగాను. మీ అమ్మమ్మగారి ఊళ్ళో చెరువు కింది అసైన్డ్ భూములు ఆయన మనుషుల పేర్ల మీదకు మారాయని రాశావు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములను ఇంకొకరు కొనకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అది నీకూ తెలుసు, ఆయనకు నీకంటే బాగా తెలుసు. పుస్తకంలో 'రైతు బాంధవుడు' అనే అధ్యాయం ఉండాలని వాళ్ళు ముందే చెప్పారట. ఆ అధ్యాయం రాయవలసింది నువ్వు.

ధర్మాధర్మాలు కాసేపు పక్కన పెట్టి, వృత్తి సంగతే మాట్లాడుకుందాం. ఆ అధ్యాయం చదివినవాళ్ళు నమ్మేలా రాయాలంటే ఆ చెరువు కింద ఎవరెవరు నాట్లు వేసుకునేవాళ్ళో నువ్వు మరిచిపోవాలి. తూము దగ్గర నీళ్ళ కోసం ఎవరు ఎవరితో గొడవపడ్డారో, భూమి పోయాక ఏ కుటుంబం ఏ పట్నంలో కూలికి చేరిందో, అన్నీ మరిచిపోవాలి. సగం మరిచిపోతే కుదరదు. మనసులో ఏ మూల తెలిసి ఉన్నా వాక్యం తడబడుతుంది. నువ్వు తెలివైనదానివి, కాబట్టి మరిచిపోవడం త్వరగానే నేర్చుకుంటావు. నా భయం కూడా అదే. మూడేళ్ళ తర్వాత తీరిక దొరికి నవల రాయడానికి కూర్చుంటే నీకు కావలసినవి ఆ చెరువు, ఆ తూము, ఆ మనుషులే. ఏ సరుకు కోసం తీరిక కొనుక్కోవాలనుకుంటున్నావో, దాన్నే ధరగా చెల్లిస్తున్నావు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారిలా అన్నీ వదులుకుని వెళ్ళే ధైర్యం నీకు లేదని కూడా రాశావు. ఆయన గురించి అలా అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండ వేసి, మర్నాటికి మరిచిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆయన అన్నీ వదులుకుని ఎక్కడికీ వెళ్ళలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి చరిత్ర పాఠాలు చెప్పడానికి చేరారు. 1911లో విరమించుకునేదాకా బోధనలోనే ఉన్నారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నదీ, కొండల్లో సవర పల్లెలకు తిరిగిందీ, సొంత ఖర్చుతో వాళ్ళకు బడులు పెట్టిందీ ఆ ఉద్యోగం చేస్తూనే. అడవుల్లో మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. భాష కోసం తిరిగిన మనిషికి చెవులు పోవడం ఎంత నష్టమో ఆలోచించు. అయినా పని ఆపలేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు రావస్తున్నాయి.

నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సవర భాషలో ఆయన తయారుచేసిన వాచకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో బడి పెట్టమని చెప్పారు. ఆ ఒక్కచోట కాదనగలిగారంటే, నెలనెలా జీతం వస్తుండడం వల్లేనని నా అంచనా. ఆయన సన్యాసి కాదు. తర్వాత ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇస్తే పుచ్చుకున్నారు కూడా. గౌరవం వస్తే తీసుకున్నారు, రాకపోతే దాని కోసం పని మార్చుకోలేదు. స్కూలు ఫైనల్ పిల్లలు వాడుక భాషలో వ్యాసం రాయవచ్చన్న అనుమతి వచ్చినట్టే వచ్చి కొన్నాళ్ళకే రద్దయింది. పండితులు దాడి చేశారు. ఆయన 'తెలుగు' అనే పత్రిక పెట్టి జవాబులు రాశారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, 1936లో, డెబ్బై రెండేళ్ళ వయసులో, అర్ధ శతాబ్దం బతికిన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. వదులుకోవడం అంటూ ఉంటే అదీ. 1940 జనవరి 15న పత్రికా సంపాదకులతో మాట్లాడుతూ కూడా వాడుక భాషలో రాయమనే కోరారు. 22న పోయారు. ఇవాళ నువ్వూ నేనూ ఉత్తరాలు రాసుకుంటున్న తెలుగును విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇలాంటి జీవితాల ఖర్చు ఇంట్లోవాళ్ళ మీద కూడా పడుతుంది. మన సాహిత్య చరిత్రలు ఆ పద్దు రాయవు. అందుకే ఉద్యోగం మానెయ్యమని నీకు చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా. డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం. అది ఉంచుకో. బడి నుంచి వచ్చాక ఒంట్లో ఓపిక మిగలడం లేదన్నావు, నిజమే. అయితే నవల మూడేళ్ళలో కాకుండా ఎనిమిదేళ్ళలో వస్తుంది. తెలుగు పాఠకులు నీ నవల రాలేదని నిద్ర మానుకోరులే, తొందరేమీ లేదు.

నీతో చదివినవాళ్ళు డాలస్‌లో ఇల్లు కొన్నారని మీ నాన్నగారు మాటిమాటికీ అంటున్నారని రాశావు. అననీ. వాళ్ళు ఇల్లు కొనుక్కోవడంలో తప్పేముంది? ఒక్కటి మాత్రం చూసుకో. తమ అసూయకు మనస్సాక్షి అని పేరు పెట్టుకుని జీవితమంతా వెళ్ళబుచ్చిన రచయితలు నాకు తెలుసు. వాళ్ళ సభలకు వెళ్ళడం నేను ఎప్పుడో మానేశాను.

ఇక వాళ్ళకు ఏమని చెప్పాలి? రెండు వాక్యాలు చాలు. ఈ పని చేయలేను, ఇంకెవరినైనా చూసుకోండి అని రాయి. భూముల సంగతి అందులో ఎత్తకు. అది వాళ్ళకు రాసే ఉత్తరంలో రాయవలసిన విషయం కాదు, పైగా నీ బదిలీ కాగితాలు ఎవరి చేతుల మీదుగా వెళతాయో నీకు తెలుసు. జాగ్రత్తగా ఉండడం పిరికితనం కాదు. అడ్వాన్సు ఏమైనా తీసుకుని ఉంటే ఈ వారంలోనే బ్యాంకు ద్వారా తిరిగి పంపించు. చేతికి ఇవ్వకు, ఆధారం ఉండాలి.

కథ గురించి. గ్రామ సేవకుడి పాత్ర బాగా కుదిరింది. ముసలాయన పట్టా కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలంలో దోపుకున్న చోటు నాకు చాలా నచ్చింది. కానీ భూమి ఎవరు తీసుకున్నారో చెప్పవలసి వచ్చేసరికి 'కొందరు పెద్దలు' అని దాటేశావు. అసలు మనిషి పేరు పెట్టమనడం లేదు. అయితే ఆ పాత్రకు ఒక ముఖం, ఒక కారు, ఒక మాట తీరు ఉండాలి. ఇప్పుడున్న చివరి పేజీలో వాన కురిపించావు, అది తీసెయ్యి. తహసీల్దారు కార్యాలయం సన్నివేశం మళ్ళీ రాసి, దసరా సెలవుల్లోపు పంపించు.