ఎవరు పొరుగు, ఎంతవరకు పొరుగు?

విశాఖపట్నం

తమ్ముడూ,

మన పొరుగు దేశాలతో విదేశాంగ విధానం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలో శ్రీలంకను ‘సరిహద్దు దేశం’ అన్నావు. మూడో పేరాకొచ్చేసరికి ‘మనకున్న ఏడు సరిహద్దు దేశాలు’ అన్నావు. ఆ ఏడింటిలో శ్రీలంక లేదు. చదివేవాడు అక్కడే పట్టేస్తాడు.

ఏడు అనేది భూసరిహద్దు లెక్క: పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, చైనా, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మయన్మార్. పొడవైనది బంగ్లాదేశ్‌తో, 4,096 కిలోమీటర్లు. అఫ్గానిస్తాన్‌తో ఉన్నది 106 కిలోమీటర్లే. అదీ పాక్ ఆక్రమిత కశ్మీర్ వైపు కాబట్టి మన అధికారిక లెక్కలో ఉంది గానీ మన చేతిలో లేదు. ఏడు అని రాసినప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలి.

సముద్రాన్ని కలిపితే శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేసియా, థాయ్‌లాండ్ వస్తాయి. చివరి రెండూ అండమాన్ నికోబార్ దీవుల పుణ్యమే. వీటికి ‘సముద్ర సరిహద్దు’ అని విప్పి రాయి, ఉత్త ‘సరిహద్దు’ చాలదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, అంటే దేశపు సార్వభౌమాధికారం ఉన్న సముద్రం; 200 దాకా ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపలు, ఖనిజాల వంటి వనరులపై హక్కు ఉన్న సముద్రం. మన పత్రికల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి. 2018లో ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని గుజరాత్ తీరానికి అవతల పాకిస్తాన్ పట్టుకున్న సంగతి రాస్తూ ‘సరిహద్దు దాటారు’ అని తేల్చేశావు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ వివాదం తెగలేదు, అక్కడి సముద్ర రేఖపై రెండు దేశాలకూ ఒప్పందం లేదు. ‘తమ జలాల్లోకి వచ్చారంటూ పాక్ అధికారులు పట్టుకున్నారు’ అంటే సరిపోతుంది.

ఒకే మాట మళ్లీ రాయాల్సి వస్తోందని ‘పొరుగు దేశాలు’ బదులు ‘సార్క్ దేశాలు’ వాడకు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లో చైనా లేదు, మయన్మార్ లేదు. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్‌స్టెక్‌లో థాయ్‌లాండ్ ఉంది, పాకిస్తాన్ లేదు.

పాకిస్తాన్‌ను ‘దాయాది’ అనడం సంగతి వేరు. ఆస్తి పంచుకుని విడిపోయిన పగ ఆ మాటలోనే ఉంది. క్రికెట్ పేజీలో చెల్లుతుంది, విదేశాంగ విధానం మీద వ్యాసంలో ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. 1971 దాకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న బంగ్లాదేశ్‌ను మాత్రం ఎవరూ దాయాది అనరు, గమనించావా?

ఇక గీతలు. చైనాతో వాస్తవాధీన రేఖ. జమ్మూ కశ్మీర్‌లో పాక్‌తో ఉన్నది 1972 నాటి నియంత్రణ రేఖ, అదీ కొంతమేర మాత్రమే. పంజాబ్, రాజస్థాన్, గుజరాత్‌లలో అంతర్జాతీయ సరిహద్దు. పంజాబ్‌లోని అటారీ దగ్గర జెండా దించే వేడుకను ‘నియంత్రణ రేఖ వద్ద’ అని వర్ణించావే, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య