క్యాన్సర్ ఎందుకొస్తుందో వెతికే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అక్క రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, నలభై నాలుగేళ్లకే. అప్పట్నుంచీ పాపది ఒకటే మాట. "నేను వైద్యం చెయ్యను, ఆడవాళ్లకు ఈ క్యాన్సర్లు ఎందుకొస్తున్నాయో కనిపెడతాను" అంటోంది. హార్మోన్ల వల్ల అని ఎక్కడో చదివిందట. డాక్టర్ చదివి వైద్యం చెయ్యకపోతే ఎందుకని బంధువులు అంటున్నారు. నీట్‌లో సీటు రాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టేనా? అసలిది బతుకుతెరువు అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, కెరీర్ సంగతి తర్వాత. ముందు మీకు ఒక మాట చెప్పాలి. సొంత అక్కకు అంత చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే మీరు ఒకసారి క్యాన్సర్ డాక్టర్‌ను కలవాలి. మీ అమ్మగారి వైపు, నాన్నగారి వైపు ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది మాత్రమే వంశపారంపర్యంగా వచ్చేవి, కాబట్టి భయపడొద్దు. కానీ మీ ఇంటి సంగతి తేల్చాల్సింది డాక్టరే. వాయిదా వెయ్యకండి.

ఇక పాప కోరుకునే పని. జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఆ తేడా ఎక్కడుందని లెక్కలతో వెతికేవాళ్లను ఎపిడెమియాలజిస్టులంటారు. 1926లో బ్రిటన్‌లో జానెట్ లేన్-క్లేపన్ అనే డాక్టర్ రొమ్ము క్యాన్సర్ వచ్చిన 500 మందినీ, రాని 500 మందినీ తీసుకుని అందరినీ ఒకే ప్రశ్నలు అడిగించింది. పెళ్లి ఎప్పుడైంది, ఎంతమంది పిల్లలు, పాలిచ్చారా లేదా. చేతిలో ఉన్నది ప్రశ్నల కాగితం, ఓపిక. ఆ జవాబుల్లోనే దారి దొరికింది. 2002లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 30 దేశాల్లో జరిగిన 47 పరిశోధనల లెక్కలన్నీ ఒకచోట కలిపి చూశారు. ప్రతి కాన్పుకూ ముప్పు సుమారు 7 శాతం, బిడ్డలకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ఇంకో 4.3 శాతం తగ్గుతోందని తేలింది. నెలసరి తొందరగా మొదలై ఆలస్యంగా ఆగితే రొమ్ము కణాల మీద ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్ల ప్రభావం అన్నేళ్లు ఎక్కువ ఉంటుంది. పాప చదివింది దీని గురించే అయ్యుంటుంది. అయితే ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లన్నీ హార్మోన్లవే కావని ఆమెకు చెప్పండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్, దానికి టీకా ఉంది. హార్మోన్ల సంగతి ముఖ్యంగా రొమ్ము, గర్భసంచి లోపలి పొర, అండాశయాల దగ్గర వస్తుంది.

వైద్యం చెయ్యకపోతే ఎందుకు అన్న బంధువులకు ఈ సంగతి చెప్పండి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు హార్మోన్ మాత్రలు ఇస్తే గుండెకు మంచిదని అమెరికాలో చాలా ఏళ్లు నమ్మారు, లక్షలమందికి రాశారు. అది నిజమో కాదో చూద్దామని 16,608 మందితో ఒక పెద్ద పరీక్ష పెట్టారు. రెండు హార్మోన్లు కలిపి ఇచ్చినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ కనిపించింది, గుండెకు మేలూ జరగలేదు. దాంతో గడువు కంటే ముందే, 2002 జులైలో, ఆ పరీక్ష ఆపేశారు. డాక్టర్లు ఆ మాత్రలు రాయడం బాగా తగ్గించారు. మరుసటి ఏడాదే అక్కడ రొమ్ము క్యాన్సర్ కొత్త కేసులు తగ్గాయి. మాత్రలు మానేయడమే అందుకు పెద్ద కారణమని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఒక్క రోగికి కూడా చీటీ రాయకుండా ఎంతమందికి మేలు చేయవచ్చో చూడండి.

మన ప్రాంతంలో ఈ పని ఎలా ఉంటుందో కూడా పాప తెలుసుకోవాలి. ఊళ్లో అరవై ఏళ్ల ఆవిడ ముందు కూర్చుని "ఏ వయసులో పెద్దమనిషి అయ్యావమ్మా" అని అడగాలి. ఆమెకు తన పుట్టిన సంవత్సరమే తెలియదు. అప్పుడు దివిసీమ ఉప్పెన ముందా తర్వాతా, పుష్కరాలప్పటికి పెళ్లయిందా అని అడుగుతూ వయసు రాబట్టాలి. పక్కన కోడలు ఉంటే కొన్ని మాటలు చెప్పదు. కోడలిని మంచినీళ్లకు పంపి, ఆ రెండు నిమిషాల్లో అడగాలి.

తర్వాత గర్భసంచి ఆపరేషన్. దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 3 శాతానికి గర్భసంచి తీసేసి ఉంటే, మన రెండు రాష్ట్రాల్లో 8 శాతానికి పైనే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరిశోధకురాలికి ఇది చాలా పెద్ద విషయం. గర్భసంచే లేనివాళ్లకు గర్భసంచి క్యాన్సర్ రాదు కదా! వాళ్లను కూడా లెక్కలో కలిపితే ముప్పు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అండాశయాలు కూడా తీసేశారా అన్నది ఇంకో ప్రశ్న. చిన్న వయసులో వాటిని తీసేస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది. "సంచి తీసేశారమ్మా" అన్నంత వరకే ఆపరేషన్ అయినావిడకు తెలుసు. ఆస్పత్రి కాగితాలు ఎప్పుడో పోయాయి. బయటి దేశాల లెక్కలు తెచ్చి మనకు అతికిస్తే సరిపోదని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఇక్కడి ఆడవాళ్ల కథ ఇక్కడి భాషలో అడిగేవాళ్లు కావాలి.

పాపతో మీరు నెమ్మదిగా మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ఈ పరిశోధన వేలమంది గురించి చెబుతుంది. ఒక్క మనిషి గురించి చెప్పలేదు. ఇరవై ఏళ్లు కష్టపడ్డా "పెద్దమ్మకే ఎందుకొచ్చింది" అన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోవచ్చు. ఆ దుఃఖంతో ఈ దారిలోకి రావడం తప్పు కాదు. కానీ ఈ మాట ఇప్పుడే విని, ఆలోచించి, అప్పుడు కూడా కావాలంటే రావాలి.

నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వస్తే చేర్పించండి. ఆ డిగ్రీ ఉంటే తర్వాత కమ్యూనిటీ మెడిసిన్‌లో, అంటే జనం మొత్తం ఆరోగ్యం చూసే విభాగంలో, ఎండీ చెయ్యొచ్చు, ఆస్పత్రి రికార్డుల దగ్గరా రోగుల దగ్గరా తలుపులు సులువుగా తెరుచుకుంటాయి. రాకపోతే, ఈ ఒక్క లక్ష్యం కోసం రెండు మూడేళ్లు లాంగ్‌టర్మ్‌లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. తిరుపతి ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థల్లో బైపీసీ వాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. లేదా మంచి కాలేజీలో బీఎస్సీ, ఆ తర్వాత పబ్లిక్ హెల్త్ (ప్రజారోగ్యం)లో మాస్టర్స్, పీహెచ్‌డీ. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), తిరువనంతపురంలో అచ్యుత మీనన్ సెంటర్ ఈ చదువుకు పేరున్న చోట్లు. కొన్ని సంస్థలు వైద్య డిగ్రీనో అనుభవాన్నో అడుగుతాయి, దరఖాస్తుకు ముందు అర్హత చూసుకోండి. క్యాన్సర్ మీదే పని కావాలంటే టాటా మెమోరియల్ వాళ్లకు నవీ ముంబైలో క్యాన్సర్ ఎపిడెమియాలజీ కేంద్రం ఉంది. ఊళ్లు తిరగడం కంటే ల్యాబ్‌లో కణాల మీద పని నచ్చితే అదీ దారే. హార్మోన్లకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద ముంబైలో పనిచేసి, 1982లో పద్మభూషణ్ అందుకున్న కమల్ రణదివే గురించి పాపను చదవమనండి. ఆవిడ ఎంబీబీఎస్ డాక్టర్ కాదు.

ఏ దారైనా లెక్కలు తప్పవు. బైపీసీ తీసుకున్నది లెక్కలు తప్పించుకోవడానికే అయితే ఈ పని ఆమెకు కష్టం. ఈ ఉద్యోగంలో సగం స్టాటిస్టిక్సే. ఇంటర్ పరీక్షలు, నీట్ అయ్యాక ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరికే స్టాటిస్టిక్స్ పాఠాలు మొదలుపెట్టమనండి. మొదటి నెల అర్థం కాకపోతే కంగారు పడొద్దు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, పైన ఇంటద్దె భత్యం. పీహెచ్‌డీ అయ్యాక కూడా కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే, అవి రెండు మూడేళ్లకోసారి అయిపోతుంటాయి. స్థిరపడేసరికి ముప్పై దాటుతాయి. ఆ మధ్యలో పెళ్లి మాట తెచ్చి ఆపకుండా ఉండగలరా అని మీరూ వాళ్ల నాన్నగారూ ఇప్పుడే మాట్లాడుకోండి. ఈ దారిలో ఆడపిల్లలు చదువు చాలక ఆగిపోవడం నేను తక్కువగా చూశాను. ఇంట్లో ఓపిక అయిపోయి ఆగిపోవడమే ఎక్కువ.

ఈ వేసవిలో ఒక పని చేయించండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి పాపను రెండు రోజులు వెంట తీసుకెళ్లమనండి. ముప్పై దాటినవాళ్ల దగ్గర వాళ్లు నింపే ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఎవరు తల దించుకున్నారు, ఎవరు మాట మార్చారు, ఎవరు లోపలికి రమ్మన్నారు అన్నది గమనించమనండి. పేర్లు, ఇళ్ల వివరాలు ఎక్కడా రాయొద్దు, ఎవరికీ చెప్పొద్దు. మూడో రోజు కూడా వెళ్తానని తనంతట తానే అడిగితే నాకు మళ్లీ రాయండి. కాలేజీల సంగతి అప్పుడు వివరంగా చూద్దాం.