ఆ పుస్తకాన్ని ఇద్దరు కలిస్తేగానీ చదవలేకపోయారు

ప్రశ్న ఇది: "గిరిజనుల పాత రాతల్ని, వంశ చరిత్రల్ని స్కాన్ చేసి నెట్‌లో పెడితే సరిపోదా? దానికీ వాళ్ల పిల్లల చదువుకీ ఏమిటి సంబంధం?"

సరిపోదు. జవాబు అంతే. కానీ ఆ ఒక్క మాట రాసి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు, కాస్త ఓపిక పట్టండి.

నేను పుస్తకాలు చదివినవాణ్ని కాదు, కుట్టినవాణ్ని. విజయవాడ లెనిన్ సెంటర్‌కి కాస్త ఇవతల సందులో ఇరవై రెండేళ్లు బైండింగ్ షాపు నడిపాను. కాలేజీ రికార్డులు, ఆడిటర్ల లెడ్జర్లు, ఎవరి తాతగారివో చెదలు తిన్న భారతాలు, అన్నీ నా చేతి మీదుగా పోయినవే. పాత కాగితం గురించి నేను చెబితే నమ్మండి. మిగతా వాటి గురించి చెబితే మీ ఇష్టం.

ఓ శ్రావణమాసం, రెండు రోజులుగా ముసురు. బేరాల్లేవు. కటింగ్ మిషన్ మీద పట్టా కప్పి కూర్చున్నాను. ఒక పెద్దాయన, వెంట ఇంటర్ చదివే మనవరాలు వచ్చారు. స్టువర్టుపురం నుంచి పాసింజర్‌లో వచ్చారట. ఆయన చంకలో ఎరువుల సంచి, సంచిలో తువ్వాలు, తువ్వాల్లో పుస్తకం. కిరాణా కొట్లలో పద్దులు రాసే పొడుగాటి చిట్టా అది. కుట్టు తెగి ఫారాలన్నీ, అంటే మడిచి కుట్టే కాగితాల దొంతర్లన్నీ, దేనికది విడిపోయాయి. కింది అట్ట ఒకటే మిగిలింది.

"దీన్ని కొత్తదాన్లా చెయ్యి బాబూ, ఆఫీసులో చూపించాలి" అన్నాడు.

సంగతేమిటంటే వాళ్లు ఎరుకలవాళ్లు, గిరిజనుల్లో ఒక తెగ. ఆ పిల్లకి కులం సర్టిఫికెట్ కావాలి. ఏదో ఆఫీసులో ఎవరో "మీరు ఎరుకలవాళ్లే అనడానికి రుజువేమిటి?" అన్నారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతుల చట్టమని ఒకటుండేది. 1871లో ఉత్తరాదిన మొదలై 1911 నాటికి మన మద్రాసు ప్రెసిడెన్సీ దాకా వచ్చింది. ఫలానా కులంలో పుట్టావా, నువ్వు దొంగవే అని ముందే రాసిపెట్టే చట్టం. దాని కింద ఆ కులాల వాళ్లని ఒకచోట కట్టడి చేసి ఉంచే సెటిల్‌మెంట్లు పెట్టి, ముక్తిఫౌజు అనే క్రైస్తవ సంస్థ (సాల్వేషన్ ఆర్మీ) వాళ్లకి అప్పగించారు. స్టువర్టుపురం అలా వచ్చిందే. మన బ్యారేజీ దాటగానే వచ్చే సీతానగరంలోనూ ఒకటుండేది, రోజూ ఆ దారిన మంగళగిరి పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో! ఊరు దాటాలంటే పాసు, ఉన్నచోట ఉంటే హాజరు. చట్టం 1952లో పోయింది. పేరు మాత్రం సినిమాల పుణ్యమా అని ఇంకా పోలేదు. ఎరుకలవాడివని ముత్తాత చేత హాజరు వేయించారు, ఇప్పుడు ఎరుకలదానివని రుజువేదీ అని మునిమనవరాలిని అడుగుతున్నారు.

ఆ పుస్తకం ఆ ముత్తాతదే. సెటిల్‌మెంట్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. చీరాల పొగాకు కంపెనీలో పని చేస్తూ రాత్రిళ్లు రాసుకున్నాడు. మొదటి పేజీల్లో కిరసనాయిలు, నూకలు, ఎవరికెంత బాకీ. ఆ తర్వాత పేజీ తిప్పాను. అక్షరాలు తెలుగువే, గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇదేం భాష పెద్దాయనా?"

"మా బాస బాబూ. కుర్రు బాస."

తమిళానికి దగ్గరగా ఉంటుంది వాళ్ల భాష. చదివి చెప్పమన్నాను. "నాకు చదువెక్కడిది? నాన్న చదివేవాడు, నేను వినేవాణ్ని" అన్నాడు. పోనీ పిల్ల? తనకి అక్షరాలొచ్చు, భాష రాదు. ఇంట్లో తెలుగే, కాలేజీలో ఇంగ్లీషు మీడియం. వాళ్ల నాన్నే రానివ్వలేదట. ఆయన హాస్టల్లో ఉన్న రోజుల్లో నోరు జారి ఒక్క మాట ఆ భాషలో అన్నాడు, ఆ నాటి నుంచి ఎవడి పెన్ను పోయినా ముందు ఈయన ట్రంకుపెట్టే తెరిచేవారట. తన పిల్లలకి ఆ గోల వద్దనుకున్నాడు. తప్పు పట్టగలమా?

నాకొచ్చిన చిక్కు వేరే. పేజీ నంబర్లు లేవు. ఏ ఫారం తర్వాత ఏ ఫారమో తెలియకుండా కుట్టేదెలా? మామూలు పుస్తకమైతే నేనే నాలుగు లైన్లు చదివి సర్దేస్తాను. ఇక్కడ నా చదువు పనికిరాలేదు.

అందుకని ముగ్గురం షాపు మెట్టు మీద కూర్చున్నాం. ఒక కాగితం చివరి లైను పిల్ల చదువుతుంది, తర్వాత ఇంకో కాగితం మొదటి లైను. ఆయన కళ్లు మూసుకుని విని "ఊహూ, కాదు" అనో, "ఆఁ, అదే" అనో అంటాడు. పిల్లకి ఎక్కడ విరవాలో తెలియదు, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటోంది. ఆయన "ఇట్టా కాదమ్మా, ఇదిగో ఇట్టా" అని అదే లైను విడగొట్టి అంటాడు. అనగానే అది మాటైపోతుంది. ఓ అరగంటకి ఉన్నట్టుండి ఆయన పాట ఎత్తుకున్నాడు. పెళ్లి పాటట. కాగితం మీద రెండే లైన్లున్నాయి, మిగతాదంతా ఆయన గొంతులో ఉంది. అంచున నిలువు గీతలు ఏవో ఉంటే బాకీ లెక్కలనుకున్నాను. కాదు, ఆ లైను ఎన్ని తిప్పులు పాడాలో గుర్తట.

ఇంకో చోట ఎవరి పిల్లని ఎవరింట ఇచ్చారో రాసి ఉంది. సాతుపాడి, కావడి, మానపాడి, మేండ్రగుత్తి అని వాళ్లలోని శాఖల పేర్లు. పిల్ల చదువుతూ చదువుతూ ఆగింది. "తాతా, వీటిల్లో మనమేంటి?" పదిహేడేళ్లొచ్చాయి, అప్పటిదాకా తనకెవరూ చెప్పలేదు. ఆయన చెప్పాడు. ఇక్కడ రాయను, వాళ్లింటి సంగతి అది.

మూడు గంటలు, తలో రెండు టీలు. పుస్తకం వరసలోకి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, దాన్ని ఉన్నదున్నట్టు స్కాన్ కొడితే ఏమయ్యేది? వరస తప్పిన నూట తొంభై బొమ్మలు. ఆ నిలువు గీతల్ని మరకలనుకుని ఎవడో కుర్రాడు కంప్యూటర్లో చెరిపేసేవాడు కూడా. పైన "తెలుగు నోటు పుస్తకం" అని పేరు పెట్టేవారు. ఇది ఊరికే అనడం లేదు. స్కానింగ్ పేరుతో ఊళ్లు తిరిగే ఓ బృందం నా షాపులోనే పుస్తకం తలకిందులుగా పెట్టి ఫొటోలు తీయడం నేను చూశాను.

ఇది గిరిజనుల జబ్బు అనుకునేరు. గుంటూరులో మా బంధువులింట్లో తాటాకుల కట్ట ఒకటుంది. దసరాకి సరస్వతీ పూజలో పెట్టి పసుపు, కుంకుమ అద్దుతారు. నలభై ఏళ్లుగా ఆ తాడు విప్పింది లేదు. లోపల వైద్యముందో, ఎవరో రాసిచ్చిన అప్పు పత్రముందో ఆ సరస్వతికే తెలియాలి.

చదివేవాళ్లు ఉంటే ఏమవుతుందో చూడాలంటే ఆదిలాబాద్ జిల్లా గుంజాల సంగతి తెలుసుకోండి. 2006లో ఆ ఊళ్లో గోండులకి సొంత లిపిలో రాసిన ప్రతులు బయటపడ్డాయి, సుమారు 1750 నాటివని అంచనా. ఆ లిపి చదవగలిగిన ముసలివాళ్లు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అయినా ఉన్నారు. వాళ్ల చేత పిల్లలకి నేర్పించారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకీ, అంటే కంప్యూటర్లు, ఫోన్లు గుర్తుపట్టే అక్షరాల పట్టీలోకీ ఎక్కింది. ఆ నలుగురైదుగురు లేకపోతే ఆ పుస్తకాలు కూడా పూజలో పెట్టుకోవడానికే.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి వాడుక భాష, వాడుక భాష అని గొంతు చించుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, తెలుగు అక్షరాల్లో వాళ్లకి వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సభల్లో ఆ సంగతి ఎత్తేవాళ్లు అరుదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి, లంబాడీ, ఆదివాసీ ఒరియా, ఎనిమిది భాషల్లో ప్రైమరీ పుస్తకాలు వేశారు. మంచి పని. ఆ ఎనిమిదిలో ఎరుకల లేదు. మైదానంలో మన మధ్యే ఉంటారు కాబట్టి వాళ్లకి వేరే భాషేమిటనుకున్నారో ఏమో. ఎరుకలసాని సోది చెబితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి విన్నాం, ఆవిడ తన పిల్లాడితో ఏ భాషలో మాట్లాడుతోందో మాత్రం పట్టించుకోలేదు.

ఇక నా అసలు బాధ. దయచేసి పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి. ఆ పుస్తకంలో నాలుగు కాగితాలు నా దగ్గరికి రాకముందే ఎక్కడో జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించారు, ముఖ్యమైనవని. కాగితం కొనకొచ్చి ఉంది, వేడికి ప్లాస్టిక్ దానిలోకి కరిగిపోయింది. ఒక మూల లాగి చూశాను, సిరా ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చింది. వదిలేశాను. మిగతావాటికి మైలుతుత్తం కలిపిన మైదా జిగురు కూడా వాడలేదు. పురుగు పట్టదని మేం అన్నిటికీ అదే వాడతాం గానీ, పాత కాగితానికి అది పడదు. పల్చటి గంజితో చిరుగులు అతికి, దారంతో కుట్టి, అట్టకి కాలికో గుడ్డ వేశాను. అంచులు కోయలేదు. మా వాళ్లు నీటుగా ఉంటుందని మూడు వైపులా కోసేస్తారు, అంచున రాసినవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. నేనూ కుర్రతనంలో ఎన్ని కోశానో!

కుట్టేముందు వాళ్లనడిగి రెండు సెట్లు జిరాక్స్ తీశాను. ఒకటి పిల్లకి, ఒకటి నా దగ్గర. సర్టిఫికెట్ వచ్చింది, కానీ ఈ పుస్తకం వల్ల కాదు. ఆఫీసులో అట్ట చూసి బాగుందన్నారట, లోపల తెరవలేదట. వేరే ఏదో కాగితంతో పనైంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా ఇంట్లో నడుం లోతు నీళ్లు. షాపు ఎత్తేసి సామానంతా ఇంట్లోనే పెట్టుకున్నాను, కింద అరల్లోవన్నీ పోయాయి. ఆ జిరాక్స్ సెట్టు బురదలో దొరికింది. జిరాక్స్ పొడి నీళ్లకి కరగదు, అదో అదృష్టం. కుళాయి కింద ఒక్కో కాగితం కడిగి, డాబా మీద బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఫొటో తీసి ఆ పిల్లకి వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు తను ప్రైవేటు స్కూల్లో టీచరు. తాత పోయి నాలుగేళ్లైందట. ఫొటో పెద్దది చేసుకుని చూసి కాసేపటికి ఫోన్ చేసింది. "అంకుల్, రెండో తాడు మీద ఐదోదీ ఆరోదీ అటూ ఇటూ అయ్యాయి, మార్చండి" అంది.

మార్చాను.

లామినేషన్ చేసిన ఆ నాలుగు కాగితాలూ ఇంకా ప్లాస్టిక్‌లోనే పసుపుపచ్చగా మారుతున్నాయట. వాటిని కాగితం పాడవకుండా విడదీసే పద్ధతి ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి. వేడి పెట్టమని మాత్రం చెప్పకండి, అది నేను వేరే కాగితం మీద చేసి చూశాను.