తలనొప్పి మాత్ర మందు కాదా?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం వచ్చి పది రోజులైంది. మొదటిసారి మూడో పేజీ దగ్గరే పక్కన పెట్టేశాను. 'రక్త ఫలకికలలో సంకేత మేదస్సుల ద్రవ్యరాశి వర్ణపట మాపనం' (ప్లేట్‌లెట్లు పంపే కొవ్వు సంకేతాల్ని మాస్ స్పెక్ట్రోమీటరనే తూకం మెషిన్‌తో కొలవడమన్నమాట) అన్న శీర్షిక చూసి మా ఆవిడ ఎవరిదో షష్టిపూర్తి పత్రిక అనుకుంది. నిన్న కరెంటు పోయి టీవీ లేక మళ్లీ తీశాను. పద్నాలుగో పేజీ అడుగున, 'పరిమితులు' అన్న చోట నాలుగు లైన్లు దొరికాయి. ఈ ఉత్తరం వాటి కోసమే.

రక్తమిచ్చిన ఒక కుర్రాడి ప్లేట్‌లెట్లను, అంటే రక్తం గడ్డకట్టించే ఆ చిన్న కణాలను, వాటిని పనిలోకి దింపే త్రాంబిన్‌తో ఎంత రెచ్చగొట్టినా, అవి వదలాల్సిన థ్రాంబాక్సేన్ పీక్ మెషిన్‌లో లేవలేదు. మెషిన్ పోయిందనుకున్నావు. శాంపిల్‌ను విడదీసే గొట్టం, ఆ కాలమ్, మార్చావు. రెండు రోజులు టెన్షన్. చివరికి అదే రన్‌లో ప్లేట్‌లెట్లే చేసే ఇంకో పదార్థం 12-హెచ్‌ఈటీఈ పీక్ చూస్తే, అది నిటారుగా నిలబడి ఉంది. అప్పుడు వెలిగింది నీకు. రెండూ అరాకిడోనిక్ ఆమ్లం అనే ఒకే కొవ్వు ఆమ్లం నుంచి పుట్టేవే. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్‌కు దారి తీసే కాక్స్-1 ఎంజైమ్‌ను మూసేస్తుంది, 12-హెచ్‌ఈటీఈని చేసే 12-లైపాక్సిజనేజ్ జోలికి పోదు. ఒకటి పడుకుని రెండోది లేచి ఉందంటే మెషిన్‌ని తిట్టి లాభం లేదు, మనిషిని అడగాలి. అడిగావు. రెండు రోజుల ముందు అలిపిరి మెట్లెక్కి కొండకు పోయొచ్చి, తలనొప్పికి డిస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్రే, వేసుకున్నాడట. మరి ఫారంలో ఎందుకు రాయలేదంటే, 'అది మందు కాదు కదక్కా, తలనొప్పి మాత్ర' అన్నాడట.

తల్లీ, ఆ ఒక్క మాట కోసం నేను ఇరవై పేజీలు చదువుతాను. నువ్వు దాన్ని తీసుకెళ్లి పద్నాలుగో పేజీలో పాతిపెట్టావు.

మీ ఫారం జిరాక్స్ కూడా జత చేశావు కదా. 'గత 14 దినములలో ఏవేని ఔషధములు సేవించితిరా?' సేవించేది తీర్థం! ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మన ఇళ్లలో మందంటే డాక్టరు చీటీ మీద రాసిచ్చేది. డిస్ప్రిన్ వీధి చివర కొట్లో కొనుక్కునేది. 'తలనొప్పికో ఒళ్లునొప్పులకో ఏదైనా మాత్ర వేసుకున్నావా నాయనా?' అని అడిగుంటే ఆ రక్తం వృథా అయ్యేది కాదు. 14 రోజులు ఎందుకో కూడా నువ్వు చెప్పలేదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, చెడిన ఎంజైమ్‌ను కొత్తగా చేసుకోలేదు. బతికే వారం పది రోజులూ అలాగే తిరుగుతుంది. పాతవన్నీ పోయి కొత్తవి వచ్చేదాకా ఆగాల్సిందే.

బిగుసుకుపోయిన తెలుగు చదవడానికి కష్టమని అందరూ అంటారు. నేను ఇంకా దూరం పోతాను. అది శాంపిల్‌ని పాడు చేస్తుంది. సాక్ష్యం నీ దగ్గరే ఉంది. అదే తెలుగులో వ్యాసమంతా రాశావు. డెంగీ రోజుల్లో ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న ఏ పల్లెటూరి తల్లినైనా పలకరించు, 'ప్లేట్‌లెట్లు ముప్పై వేలకు పడిపోయినాయి సార్, లక్షన్నర ఉండాలంట' అంటుంది. ఆమె నోటికొచ్చిన మాటను లాక్కుని 'ఫలకిక' చేతిలో పెడితే ఏం చేసుకుంటుంది?

1982లో ఈ థ్రాంబాక్సేన్‌కు చుట్టాలైన ప్రోస్టాగ్లాండిన్ల పరిశోధనకు బెర్గ్‌స్ట్రోమ్, శామ్యుల్‌సన్, వేన్‌లకు నోబెల్ వచ్చినప్పుడు నేనూ ఒక వారపత్రికకు రాశాను. ఆస్పిరిన్ ఒంట్లో ఏం చేస్తుందో మా అమ్మకు అర్థం కావాలని తొమ్మిదిసార్లు తిరగరాశాను. అచ్చులో మాత్ర 'గుళిక' అయింది, నొప్పి 'బాధానుభూతి' అయింది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రెండు లైన్లు చదివి, 'బాగుంది నాయనా, ఎవరు రాసింది?' అంది. ఆ సబ్ఎడిటర్ ఇప్పుడు లేడు. నా కోపం ఉంది. ఇప్పటివాళ్లది ఇంకో జబ్బు, రక్తం అనే మాట కనబడితే చాలు 'షాకింగ్ నిజాలు' అని పైన తగిలిస్తారు.

తప్పులు కొన్ని. థ్రాంబాక్సేన్ ఏ2ని కొలిచామన్నావు. కొలవలేదు. అది అర నిమిషంలో సగానికి సగం మారిపోతుంది. మీరు కొలిచింది అది మారగా మిగిలిన బీ2ని. '319, 179' అని అంకెలు పెట్టి వదిలేశావు. మొదటిది మెషిన్‌లో కనిపించే బరువు, రెండోది విరిగిన ముక్క బరువు. దాని తోబుట్టువు 15-హెచ్‌ఈటీఈ బరువూ మెషిన్‌లో 319యే, కానీ విరగ్గొడితే 219 ముక్క ఇస్తుంది, నీ 12 మాత్రం 179 ఇస్తుంది. ఒకే బరువున్న ఇద్దర్ని విరిగే తీరును బట్టి గుర్తుపడుతున్నామని ఒక వాక్యం రాయడానికి ఏమైంది?

డ్యుటీరియం స్టాండర్డ్‌కు, అంటే దారిలో ఎంత పోయిందో తెలియడానికి శాంపిల్‌లో లెక్కగా కలిపే, బరువు హైడ్రోజన్ గుర్తున్న అదే పదార్థానికి, పేజీన్నర తీసుకున్నావు. మా మేనమామకు మదనపల్లె పక్కన గొర్రెలుండేవి. నేనైతే ఇట్లా చెబుతాను: ఊరి మందలో మన గుర్తు వేసిన పది గొర్రెల్ని కలిపి అడవికి తోలాం, సాయంత్రానికి మనవి ఐదే తిరిగొచ్చాయి, అంటే మందలోనూ సగం దారిలో పోయినట్టే. ఆ గుర్తు వేసినదాని బరువే నీ 327.

అన్నట్టు, మొదటి పేరాలో యల్లాప్రగడ సుబ్బారావు గారికి దండం పెట్టి వదిలేశావు. తెలుగులో సైన్స్ రాసే ప్రతివాళ్లూ చేసేదే. ఫిస్కే అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ లెక్క, నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టన్న ఆ పద్ధతి, ఫాస్ఫోలిపిడ్లను, అంటే ఫాస్ఫరస్ ఉన్న కొవ్వుల్ని, కొలిచేవాళ్లకు ఇప్పటికీ పనికొస్తోంది. నీ విషయానికి ఆయన నిజంగా చుట్టం. పిలిస్తే ఆ చుట్టరికంతో పిలువు.

ఏ పత్రికకు పంపాలి, డబ్బులిస్తారా, పుస్తకం వేయాలంటే ఎంతవుతుంది అని అడిగావు. అవి తర్వాత.

ఇంతకీ ఆ ఫారం మార్చారా లేదా? మార్చకపోతే ముందు ఆ పని చూడు. వ్యాసం ఎక్కడికీ పోదు.